చలిపొద్దున గురి

"రైఫిల్ నంబరు నాలుగు. పరీక్షించాను. ఏ లోపమూ లేదు" అన్న వాక్యం కింద గురునాథరావు సంతకం పెట్టేటప్పటికి పొద్దున్న ఏడున్నర దాటింది. డిసెంబరు నెలాఖరు. భిలాయిని వారం రోజులుగా చలి పట్టుకుని వదలడం లేదు. వేళ్ళు కొంకర్లు పోయి సంతకంలో చివరి అక్షరం సాగిపోయింది. ఆయన కాగితం పోటీ జ్యూరీ బల్ల మీద పెట్టి, మఫ్లరు చెవుల మీదికి లాక్కుని, వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

క్లబ్బు షూటింగ్ రేంజికి పెద్ద హంగేమీ లేదు. మీద రేకుల కప్పు, ఒక పక్క గోడ, మిగతా మూడు పక్కలా గాలి. పది మీటర్ల దూరంలో ఇసుక బస్తాల ముందు వరసగా టార్గెట్ కార్డులు. జూనియర్ ఆడపిల్లల జట్టుకు జిల్లా నుంచి ఒక్కరిని ఎంపిక చేసే పోటీ ఆ రోజు. ఎనిమిది మంది పిల్లలు సిమెంటు గట్టు మీద రైఫిళ్ళు పెట్టి చేతులు రుద్దుకుంటున్నారు. నాలుగో నంబరు దగ్గర నిలబడ్డ భాగ్యరేఖ మాత్రం చేతులు చంకల్లో పెట్టుకుని ఉంది. అలా పెట్టుకోమని నేర్పింది గురునాథరావే.

భాగ్యరేఖ చరోదా రైల్వే కాలనీ నుంచి వస్తుంది. తండ్రి సత్యారావు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నాలుగేళ్ళుగా ఎండనక వాననక సైకిలు మీద వచ్చి ప్రాక్టీసు చేసి వెళుతున్న పిల్ల. ఈ ఏడు దాటితే జూనియర్ వయసు అయిపోతుంది. ఎంపికైతే రాయపూర్‌లో క్యాంపు, హాస్టలు, ఆ తరవాత ఆటల కోటాలో ఏదో ఒక ఉద్యోగానికి దారి. కాకపోతే ఉతైలో బియ్యం మిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే పని. ఆ మిల్లువాళ్ళు చేరేదీ లేనిదీ వెంటనే చెప్పమన్నారు.

గురునాథరావు ఉక్కు ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు ప్రెషర్ గేజీలు బాగుచేసిన మనిషి. రిటైరయ్యాక క్లబ్బు తుపాకుల గది తాళాలు ఆయన చేతికి వచ్చాయి. గదిలో ఉన్నవి నాలుగే నాలుగు స్ప్రింగు రైఫిళ్ళు. లోపల ఉక్కు స్ప్రింగు. ట్రిగ్గర్ నొక్కితే అది పిస్టన్ను తోస్తుంది, పిస్టను గాలిని తోస్తుంది, గాలి పెల్లెట్టు అనే సీసపు గుండును తోస్తుంది. ఆయనకు గేజీల్లాగే ఇవీ ఊపిరి పీల్చే జీవాలు. అక్టోబరులో నాలుగో నంబరును విప్పి, తుడిచి, పవర్ హౌస్ బజారంతా తిరిగి కొనుక్కొచ్చిన గ్రీజును పిస్టను నిండా పట్టించాడు. రోలింగు మిల్లు బేరింగులకు వేసే రకం అది. ఎర్రగా కాలే ఇనుము పక్కన ఉన్నా కరిగి కారిపోదు. మిగతా మూడింటికీ రెండేసి చుక్కల నూనె వేసి వదిలేశాడు. నాలుగో నంబరు మాత్రం భాగ్యరేఖది. అక్టోబరు ఎండల్లో ఆ గన్ను మోత తగ్గి, కుదుపు తగ్గి, వెన్నలో వేలు దిగినట్టు నడిచింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

పోటీకి అయిదు రోజుల ముందు ఆ పిల్ల ఆయన దగ్గరికి వచ్చింది.

"తాతగారూ, సుబహ్ సుబహ్ దీని ఆవాజ్ వేరేగా వస్తంది. థోడా నీరసంగా. పెల్లెట్టు కిందకి పోతంది."

ఆయన తలెత్తకుండానే, "గన్నుకేటీ కాలేదమ్మా. చలికి నీ భుజం బిగిసిపోతంది. పది నిముషాలు చేతులూపు, సరిపోతాది" అన్నాడు.

"కానీ ఎండొచ్చాక మళ్ళీ ఠీక్ అయిపోతంది."

"అదే నేను చెప్తన్నాను. ఎండొస్తే నీ ఒళ్ళు వేడెక్కుతాది."

ఆమె గన్ను తీసుకెళ్ళి చేతులూపడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఈల మోగింది. గురి సరిచూసుకోడానికి ముందుగా ఇచ్చే షాట్లు మొదలయ్యాయి. భాగ్యరేఖ మొదటి షాటు కొట్టింది. పక్క గన్నులన్నీ 'ఠప్' అంటే ఆమెది 'థబ్' మంది, తడి గుడ్డ మీద కొట్టినట్టు. గురునాథరావు విన్నాడు. విని, రేకుల కప్పు కింద శబ్దాలు కలిసిపోతాయిలే అనుకున్నాడు. ఆమె గురి ఎత్తు సరిచేసే సైటు మర దగ్గర వేలు పెట్టి మూడు క్లిక్కులు పైకి తిప్పింది. మళ్ళీ కొట్టింది. ఇంకో క్లిక్కు తిప్పింది.

అసలు పోటీ నలభై షాట్లు. పది షాట్లు అయ్యేసరికి తూర్పు వైపు నుంచి ఎండ వాలుగా గట్టు మీద పడింది. ఆమె గన్ను గొంతు మారింది. పెల్లెట్లు పైకి పడసాగాయి. ప్రతి షాటుకూ కార్డు వంక చూసి, సైటు మర వంక చూసి, ఈసారి క్లిక్కులు కిందికి తిప్పడం మొదలుపెట్టింది. ఇరవయ్యో షాటు దగ్గర ముఖ్య అతిథి కారు వచ్చింది. పోటీ ఆపారు. గన్నులన్నీ గోడ పక్క నీడలో చల్లటి సిమెంటు నేల మీద పడుకున్నాయి. పూలగుత్తి, శాలువా, ఫొటోలు, క్రీడల వల్ల కలిగే లాభాల గురించి రెండు మాటలు. అన్నీ కలిసి అరగంట పట్టాయి. మళ్ళీ ఈల మోగినప్పుడు భాగ్యరేఖ గన్ను మళ్ళీ 'థబ్' మంది.

శ్రీవిద్య అనే అమ్మాయికి మూడు వందల డెబ్భై నాలుగు వచ్చింది. సొంత రైఫిల్ ఉన్న పిల్ల, బాగానే కొట్టింది. భాగ్యరేఖకు మూడు వందల అరవై ఒకటి. ఆమెది ఆరో స్థానం.

జ్యూరీలో ఉన్న పెద్దమనిషి పద్ధతి ప్రకారం అందర్నీ హిందీలో అడిగాడు, గన్ను గురించి ఎవరికైనా ఫిర్యాదు ఉంటే ఇప్పుడే చెప్పాలని. భాగ్యరేఖ కూర్చున్నది లేచింది. నోరు విప్పబోతూ గురునాథరావు వైపు చూసింది.

క్లబ్బు కార్యదర్శి రామచంద్రరావు ఆ చూపు గమనించాడు. ప్లాంటులో పెద్ద ఆఫీసరు ఆయన, కోచింగు కూడా ఆయనే చూస్తాడు. "ఏమండీ గురునాథరావుగారూ, గన్ను ఓకే కదా?" అని అందరికీ వినపడేలా అడిగాడు.

"ఫస్ట్ క్లాస్, సార్" అన్నాడు గురునాథరావు.

ఆ మాట ఆయన నోట్లోంచి ముప్పై నాలుగేళ్ళ అలవాటు మీద వచ్చేసింది. భాగ్యరేఖ నిలబడ్డది నిలబడ్డట్టే ఉండి, "కుఛ్ నహీ, సర్" అని కూర్చుంది. చేతి తొడుగు వేళ్ళు ఒక్కొక్కటే లాగి విప్పుకుంది.

"మన పిల్లలు ప్రాక్టీసులో పులులండీ. మ్యాచ్ అనేసరికి చేతులు వణుకుతాయి. నర్వ్ లేదు. అది నేర్పితే వచ్చేది కాదు" అన్నాడు రామచంద్రరావు, జ్యూరీ ఆయనతో. దాచి అన్న మాట కాదు, కోపంతో అన్నదీ కాదు. ఆమె ఆ మాట వింటూనే షూటింగు జాకెట్టు మడతపెట్టింది. క్లబ్బు జాకెట్టే అది. తెచ్చి గురునాథరావు చేతికిచ్చి, "వస్తాను, తాతగారూ" అంది.

మర్నాడు పొద్దున్న సెక్టర్ ఆరులో ఇంటి వరండాలో కూర్చుని ఆయన టీ తాగుతున్నాడు. భార్య నూకాలమ్మ తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా బోర్లించి అరచేతిలో కొట్టుకుంటోంది. చుక్క రావడం లేదు.

"రాయిలాగ అయిపోనాది. నిన్న మజ్జాన్నం నీళ్ళలాగ ఉండీది" అని విసుక్కుని, సీసా తెచ్చి ఎండ పడే మెట్టు మీద పెట్టింది. మొగుడి వంక చూసి, "ఏటయిందండి? టీ చల్లారిపోతంది" అంది.

గురునాథరావు సీసా వంక చూస్తూ ఉండిపోయాడు. టీ గ్లాసు అక్కడే పెట్టేసి, చెప్పులేసుకుని, తాళాలగుత్తి తీసుకుని బయల్దేరాడు. నూకాలమ్మ పిలుస్తున్నా వినిపించుకోలేదు.

తుపాకుల గదిలో నాలుగో నంబరు విప్పాడు. పిస్టను బయటికి లాగాడు. రావడానికి మొరాయించింది. గ్రీజు గోధుమరంగు మైనంలా పిస్టను చుట్టూ పట్టుకుని ఉంది. గోటితో గీరితే గీత పడి, ఆ గీత అలాగే నిలిచింది. అక్టోబరులో ఇదే గ్రీజు వేలికి జారిపోయింది. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. గేజీల సీళ్ళు వేడికి పగులుతాయి, నూనె వేడికి పలచనవుతుంది, డయలు వేడికి తప్పు చూపిస్తుంది. ఉద్యోగమంతా ఆయన వేడితోనే పోట్లాడాడు. చలి అనేది కూడా ఒక ఇనుప ముక్కను ఏదైనా చేస్తుందని ఒక్కరోజూ ఆయనకు తట్టలేదు. ఆ పిల్ల వచ్చి చెప్పింది, అయినా తట్టలేదు.

అనుమానం వేరు, రుజువు వేరు. ఆ తేడా తెలిసిన మనిషి కాబట్టి గన్ను తిరిగి బిగించి, రాత్రంతా గదిలోనే వదిలేసి, మర్నాడు తెల్లవారాక వచ్చాడు. పెల్లెట్టు ఎంత జోరుగా వస్తే అంత లోతుగా దిగే పచ్చ సబ్బు కడ్డీలు రెండు తెచ్చాడు. చలికి సబ్బు కూడా గట్టిపడితే కొలత తప్పుతుందని వాటిని స్వెట్టరు లోపల పొట్టకు ఆనించి పెట్టుకున్నాడు. చల్లటి గన్నుతో మొదటి కడ్డీలోకి అయిదు పెల్లెట్లు కొట్టాడు. తరవాత గన్నును నల్ల కంబళిలో చుట్టి గంటన్నర ఎండలో పెట్టి, రెండో కడ్డీలోకి అయిదు కొట్టాడు. వెర్నియరు కొలబద్ద పుల్లను సబ్బు రంధ్రాల్లోకి దించి లోతులు కొలిచి, పాత డైరీలో రాసుకున్నాడు. చల్లటి గన్నువి పన్నెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేడెక్కిన గన్నువి పదిహేడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అటక మీద పోటీ కార్డుల కట్టలు ఉన్నాయి. ఒక్కో కార్డు మీద ఒక్కో రంధ్రం. భాగ్యరేఖవి నలభై కార్డులూ తీసి, వరసగా పేర్చి, ఒక తెల్లకాగితం మీద ఒక్కొక్క కార్డునూ నడిమికి నడిమి ఆనించి, రంధ్రంలోంచి సూది గుచ్చాడు. నలభయ్యీ అయ్యేసరికి పన్నెండు దాటింది. కాగితం కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. వెలుతురు చుక్కలు పైనుంచి కిందికి బారుగా, నూలు పోగుకు గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. కుడికిగాని ఎడమకిగాని జారింది ఒక్కటి లేదు. చెయ్యి వణికితే గుండు ఎటైనా పోతుంది. ఇవి కిందికీ పైకీ తప్ప ఎటూ పోలేదు.

గన్ను పెట్టిన ఎగుడుదిగుడు తీసేసి, ఆ పిల్లకు రోజూ పడే చెదురు మాత్రం ఉంచి, ఆమెకు ఎంత రావలసిందో డైరీ వెనక అట్ట మీద లెక్క కట్టాడు. నమ్మకం చాలక రెండోసారి కట్టాడు. అంతే వచ్చింది.

గురువారం సాయంత్రం రామచంద్రరావు బంగళాకు వెళ్ళాడు. సబ్బు కడ్డీలు, కార్డులు, సూది పొడిచిన కాగితం, ఒక ఉత్తరం బల్ల మీద పెట్టాడు. రామచంద్రరావు ఇంజనీరు. విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. కాగితం దీపానికి ఎత్తి చూశాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"అయ్యో" అన్నాడు మెల్లిగా.

"తప్పు నాదండి. అందులో రాసీసేను. పిల్లకి ఇంకో ఛాన్సు ఇప్పించండి. చలిలో వద్దు, ఎండెక్కాక కొట్టనివ్వండి. గ్రీజు కడిగీసి నూనె చుక్క వేసేను. ఇప్పుడు పొద్దున్న కూడా బాగానే కొడతంది."

"లిస్టు సోమవారమే వెళ్ళిపోయింది, గురునాథరావుగారూ. ఫిర్యాదుకు టైము ఆ రోజు అరగంటే. అప్పుడు మిమ్మల్ని అడిగాను కదా నేను?"

"అడిగేరండి."

"ఇప్పుడు ఈ ఉత్తరం పైకి పంపిస్తే, ఆ సెలక్టయిన పిల్ల సంగతేమిటి? ఆ అమ్మాయి తప్పేముంది? మిగతా తల్లిదండ్రులు కూడా వచ్చి మా పిల్ల గన్నుకేం పూశారని అడుగుతారు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. "దీనివల్ల ఒరిగేదేమీ లేదండీ. ఇది మన మధ్యే ఉండనివ్వండి."

ఉత్తరం మడతపెట్టి తిరిగి గురునాథరావు జేబులో తనే పెట్టాడు. గురునాథరావు తను తెచ్చినవన్నీ సంచీలో సర్దుకుని, లేస్తూ తాళాలగుత్తి బల్ల మీద ఉంచాడు. అది మాత్రం రామచంద్రరావు తిరిగి ఇవ్వలేదు. "మీకూ వయసు అవుతోంది. చలిలో రావడం ఇబ్బందే" అన్నాడు, గేటు దాకా సాగనంపుతూ.

ఇంటికొచ్చాక నూకాలమ్మకు అంతా చెప్పాడు. ఆమె విని విని, "ఆ పిల్లకి చెప్పీయండి. లేకపోతే తనకే చేతకాలేదనుకుని కుమిలిపోతాది" అంది. ఆయన మనసులో ఉన్నదీ అదే. ఆదివారం మధ్యాహ్నం షేరు ఆటో ఎక్కి చరోదా వెళ్ళాడు. దారి పొడుగునా ఆ పిల్ల ముఖం ఎలా విప్పారుతుందో ఊహించుకుంటూ కూర్చున్నాడు. నీ చెయ్యి కదల్లేదమ్మా. ఈ ఒక్క మాటా చెప్పడానికే పోతున్నాడు.

రైల్వే క్వార్టరు ముందు కొంచెం జాగాలో ఎండ పడుతోంది. భాగ్యరేఖ అక్కడ పీట మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. ఆయన్ని చూసి గబగబా లేచి కుర్చీ వేసింది. ఇంట్లో ఎవరూ లేరంది. నాన్న డ్యూటీలో ఉన్నారు, వచ్చే వేళయింది. గురువారం నుంచే మిల్లులో చేరిపోయానంది. "బస్తాల ఎంట్రీ తాతగారూ. దినమంతా అదే. ఈజీ పని" అంది. మంచినీళ్ళిచ్చింది.

ఆయన సంచీలోంచి సూది పొడిచిన కాగితం తీసి ఇచ్చాడు. ఏమిటిది అని ఆమె అడగలేదు. ఎండకు ఎత్తి పట్టుకుంది. చుక్కలు ఆమె ముఖం మీద బారుగా పడ్డాయి.

"లెఫ్ట్ రైట్ ఏమీ పోలేదు" అంది.

"ఒక్కటీ పోలేదమ్మా. నీ చెయ్యి కదల్లేదు. చలికి నా గ్రీజు గడ్డకట్టీసింది. పిస్టను నెమ్మదిగా వెళ్ళింది, పెల్లెట్టు కింద పడింది. ఎండొస్తే గ్రీజు మెత్తబడింది, పెల్లెట్టు పైకెళ్ళింది. నువ్వు ఆ రోజే చెప్పేవు. నేను వినలేదు."

అన్నీ చెప్పాడు, సబ్బు సంగతి, రామచంద్రరావుగారి సంగతి. ఆమె కాగితం దించలేదు.

"ఎంతొచ్చేది?"

ఆయన ఆ ప్రశ్న ఊహించలేదు. తెలియదని అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "మూడు వందల ఎనభై ఒకటి" అన్నాడు.

"తీన్ సౌ ఇక్యాసీ." లెక్కలన్నీ ఆమెకు హిందీలోనే. "మేరా బెస్ట్ మూడొందల డెబ్భై ఎనిమిది, తాతగారూ. లైఫ్‌లో అంత ఎప్పుడూ కొట్టలేదు." నవ్వింది. నవ్వు సగంలో ఆగి పెదవి వంకరపోయింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

"మీరెందుకు చెప్పారు?" అంది. కోపంగా అనలేదు.

"నీ తప్పు లేదని నీకు తెలియాలి గదమ్మా."

"నాకు రాదు, బస్, ఖతమ్ అనుకున్నాను. రెండు రాత్రులు ఏడ్చాను, అయిపోయింది. అందుకే మిల్లుకి పోవడం సులువైంది. ఇప్పుడు రోజూ అక్కడ కూర్చుని ఏం అనుకోవాలి?"

గురునాథరావు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు మరక ఇంకా పోలేదు.

"ఆ రోజు చెబుదామనే లేచాను" అంది ఆమె. "మీరు ఫస్ట్ క్లాస్ అన్నారు. గన్ను గురించి మీకు తెలీనిది నాకేం తెలుస్తది అనుకున్నాను. నా చెయ్యినే అనుమానించాను."

యార్డులో ఇంజను కూత వేసింది. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కదిలిన చప్పుడు చివరిదాకా సాగి ఆగింది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆయన సంచీలోనే పెట్టేసింది.

"నాన్నకి చెప్పకండి, తాతగారూ. ఆయన ఇప్పుడిప్పుడే సర్దుకున్నారు. తెలిస్తే క్లబ్బుకొచ్చి గొడవ పెడతారు. బీపీ మనిషి. ఏమీ రాదు దానివల్ల. ప్రామిస్ చెయ్యండి."

ఆయన తలూపాడు. నోటితో అనమంది. అన్నాడు.

అంతలోనే గేటు దగ్గర సైకిలు చప్పుడయింది. సత్యారావు డ్యూటీ బట్టల్లోనే, చేతిలో చుట్టిన జెండాలతో లోపలికి వచ్చాడు. గురునాథరావును చూసి కంగారుగా జెండాలు పక్కన పడేసి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఇంత దూరం మీరొచ్చేరా బాబూ! కబురెడితే నేనే వద్దును గదా."

టీ తాగే దాకా వదల్లేదు. టీ భాగ్యరేఖే పెట్టి తెచ్చింది. తరవాత సత్యారావు, ఆయన వద్దంటున్నా, ఆటో దాకా సైకిలు నడిపించుకుంటూ పక్కనే నడిచాడు. పట్టాల వారగా కంకర దారి. గురునాథరావు అడుగు తడబడితే మోచెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెలుసు, మీరెందుకొచ్చేరో" అన్నాడు సత్యారావు. "పిల్ల ఓడిపోనాదని మీ మనసు ఉండబట్టక వచ్చేరు. నాలుగేళ్ళు సొంత మనవరాలిలాగ చూసేరు. గన్ను ఎంత బాగా చూసుకున్నారో అదే చెప్పీది రోజూ. ఏటి చేస్తాం బాబూ, మా పిల్లకే గుండెధైర్యం చాల్లేదు. దాని చెయ్యి వణికిపోతే మీరేటి చెయ్యగలరు?"

గురునాథరావు ఆగిపోయాడు. సంచీ పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే క్వార్టరు గేటు దగ్గర, తడిజుట్టు భుజం మీద వేసుకుని, భాగ్యరేఖ నిలబడి ఇటే చూస్తోంది.

"మీరు మనసుకి ఎట్టుకోకండి" అన్నాడు సత్యారావు.

ఆటో వచ్చింది. సత్యారావు ఆయన్ని జాగ్రత్తగా ఎక్కించి, చలిగాలి తగలకుండా పక్క పరదా దించి, తాడు ముడి వేశాడు.

"అలాగే, బాబూ" అన్నాడు గురునాథరావు.